వేళ్ళు లేని కొమ్మ ఎలా బతుకుతుంది?

ఎవరింట్లోనో మంచి గులాబీ చూసి ఒక కొమ్మ అడిగి తెచ్చుకుంటారు. కుండీలో గుచ్చి రోజూ నీళ్ళు పోస్తారు. పది పన్నెండు రోజులకు కణుపుల దగ్గర ఎర్రటి చిగుళ్ళు కనిపిస్తాయి. "నాటుకుంది!" అని ఇంట్లో అందరినీ పిలిచి చూపిస్తారు. ఇంకో వారం గడిచేసరికి ఆ చిగుళ్ళు తలలు వాలుస్తాయి. కొమ్మ కింది నుంచి నల్లబడుతుంది. పీకి చూస్తే ఒక్క వేరు కూడా ఉండదు.

ఇది మీలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది. నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఒకే వేసవిలో పదకొండు కొమ్మలను ఇలా పోగొట్టుకున్నాను. పుస్తకంలో శాఖీయ ప్రత్యుత్పత్తి గురించిన పాఠం నాకు కంఠతా వచ్చు. కుండీలో మాత్రం ఒక్కటీ బతకలేదు. మా పక్కింటి పెద్దావిడ చూసి, "నీ హస్తవాసి మంచిది కాదులే అమ్మా" అని తేల్చేసింది. ఆవిడ గుచ్చిన కొమ్మలన్నీ బతికేవి మరి! హస్తవాసి అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ముందు ఆ చిగురు ఎందుకు మోసం చేసిందో తెలుసుకోవాలి.

చిగురు వేరు, వేరు వేరు

కొమ్మను కత్తిరించినప్పుడు దాని కణుపుల దగ్గర నిద్రాణంగా ఉన్న మొగ్గలు అప్పటికే తయారై ఉంటాయి. కొమ్మ కొసన పెరిగే భాగం ఉన్నంతకాలం అది కింది మొగ్గలను లేవనివ్వదు. కొస తెగిపోగానే ఆ అదుపు తప్పుతుంది, మొగ్గలు విచ్చుకుంటాయి. అందుకు కావలసిన పిండిపదార్థం, కొంత నీరు కొమ్మలోనే నిలవ ఉంటాయి. వేళ్ళతో పని లేదు. అంటే చిగురు రావడం కొత్త మొక్క పుట్టిందనడానికి గుర్తు కాదు. దాచుకున్నది ఖర్చవుతోందనడానికి గుర్తు.

జీతం ఆగిపోయిన ఇల్లు దాచుకున్న డబ్బుతో నెట్టుకు రావడం లాంటిదే ఇది. పైగా విచ్చుకున్న ప్రతి ఆకూ ఖర్చును పెంచుతుంది. ఆకుల అడుగున ఉండే పత్రరంధ్రాల గుండా నీరు ఆవిరై పోతూనే ఉంటుంది. దీన్నే బాష్పోత్సేకం అంటారని మీరు చదువుకున్నారు. చెట్టు మీద ఉన్నప్పుడు పోయిన నీటిని వేళ్ళు భర్తీ చేసేవి. ఇప్పుడు వేళ్ళు లేవు. కోసిన మొన గుండా లోపలికి చేరే నీరు చాలా తక్కువ. ఆ మొన దగ్గర దారునాళాలలో గాలి బుడగలు చేరితే, సూక్ష్మజీవులు పెరిగి జిగురు పట్టితే, ఆ కాస్త దారి కూడా మూసుకుపోతుంది.

కాబట్టి కటింగ్ నాటడమంటే ఒక పందెం. నిలవ నీరు, ఆహారం అయిపోకముందే కొత్త వేళ్ళు పుట్టాలి. మన చేతిలో ఉన్నవి రెండే పనులు: ఎండిపోవడాన్ని, కుళ్ళిపోవడాన్ని ఆలస్యం చేయడం, వేళ్ళు రావడాన్ని త్వరపెట్టడం. తోటమాలులు చెప్పే నియమాలన్నీ ఈ రెంటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి. నేను రోహిణి కార్తెలో, మేడమీద, నడినెత్తిన ఎండ పడే చోట గులాబీ కొమ్మలు గుచ్చాను. పందెం మొదలు కాకముందే ఓడిపోయాను. మా పక్కింటావిడ మాత్రం తొలకరి పడి గాలిలో తేమ చేరాక, బావి పక్కన నీడలో గుచ్చేది. హస్తవాసిలో సగం రహస్యం అక్కడే ఉంది.

వేరు ఎక్కడ నుంచి వస్తుంది?

విత్తనంలో వేరుకు మూలమైన ప్రథమమూలం ముందే ఉంటుంది. కొమ్మలో అలాంటిదేమీ లేదు. అయినా కోసిన చోట కొన్ని కణాలు తమ పాత పనిని వదిలేస్తాయి. దారువుకు, పోషక కణజాలానికి మధ్య కేంబియం అనే పలుచటి పొర ఉంటుంది. ఎక్కువగా ఆ పొర పరిసరాల్లోని కణాలే మళ్ళీ విభజన మొదలుపెడతాయి. మొదట చిన్న గుంపుగా చేరి, వేరు కొసకు ఉండే ఆకారాన్ని దిద్దుకుని, లోపలి నాళాలతో సంబంధం కలుపుకుని, చివరకు బెరడును చీల్చుకుని బయటికి వస్తాయి. ప్రథమమూలం నుంచి కాక ఇలా మరోచోట నుంచి పుట్టే వేళ్ళను మీ పాఠ్యపుస్తకాలు అబ్బురపు వేళ్ళు అంటాయి. చాలా చక్కటి పేరు.

ఒక్కోసారి కోసిన మొన చుట్టూ తెల్లటి గడ్డలాంటి పదార్థం పెరుగుతుంది. దాన్ని కాలస్ అంటారు. అది గాయం మానుతున్న గుర్తు మాత్రమే. కాలస్ వచ్చినా వేళ్ళు రాకపోవచ్చు. కాలస్ పెద్దగా లేకుండానే వేళ్ళు రావచ్చు.

ఇక్కడ మనీప్లాంట్ గురించి ఒక మాట. నీళ్ళ సీసాలో పెట్టిన మనీప్లాంట్ ముక్క వారం పది రోజుల్లోనే వేళ్ళు వేస్తే అది మన ప్రతిభ అనుకుంటాం. నిజానికి దాని ప్రతి కణుపు దగ్గర గోధుమరంగు బొడిపె ఒకటి కనిపిస్తుంది, చూడండి. అది ముందే తయారైన గాలి వేరు మొదలు. పొడిగాలిలో ఆగిపోయి, తడి తగిలితే సాగుతుంది. మందార, గులాబీ, క్రోటన్ కొమ్మలు వేరును మొదటి కణం నుంచి కట్టుకోవాలి. అందుకే వాటికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

కింద, పైన ఎలా తెలుస్తుంది?

జర్మన్ వృక్షశాస్త్రవేత్త హెర్మన్ ఫోష్టింగ్ విల్లో చెట్టు కొమ్మ ముక్కలను తేమగా ఉండే గదిలో వేలాడదీసి చూశాడు. కొన్నింటిని మామూలుగా, కొన్నింటిని తలకిందులుగా. ఎలా వేలాడదీసినా, చెట్టు మీద ఉన్నప్పుడు కింద ఉన్న కొస వైపే వేళ్ళు బాగా వచ్చాయి. పైన ఉన్న కొస వైపు చిగుళ్ళు వచ్చాయి. తలకిందులైన ముక్కల్లో వేళ్ళు పై నుంచి, చిగుళ్ళు కింద నుంచి! 1878లో వెలువడిన తన గ్రంథంలో ఆయన ఈ ప్రయోగాలను వివరించాడు. కొమ్మ ముక్కలో తల ఏదో, కాళ్ళు ఏవో దానికే గుర్తుందన్నమాట. ఆ గుర్తు ఎక్కడ దాగి ఉందో ఆనాటికి తెలియదు.

జవాబు మరో దారిలో వచ్చింది. మొలకలు వెలుగు వైపు ఎందుకు వంగుతాయన్న ప్రశ్నతో చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల మీద ప్రయోగాలు చేసి, మొలక కొసన పుట్టే ఏదో ప్రభావం కిందికి దిగుతోందని 1880లో రాశారు. 1926లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో ఫ్రిట్స్ వెంట్ అనే, ఇరవై మూడేళ్ళు కూడా నిండని యువకుడు ఓట్ మొలకల కొసలను కత్తిరించి అగార్ ముక్కల మీద ఉంచాడు. తరువాత ఆ అగార్ ముక్కను కొస లేని మొలక మీద ఒక పక్కగా పెడితే మొలక వంగింది. కొస నుంచి అగార్‌లోకి దిగినది ఒక రసాయనమేనని తేలింది. దానికి ఆక్సిన్ అని పేరు వచ్చింది. 1934లో కోగ్ల్ బృందం ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం అనే ఆక్సిన్‌ను వేరుచేసింది. దేని నుంచో తెలుసా? మానవ మూత్రం నుంచి! మొక్కలలో అతి స్వల్పంగా ఉండే ఆ పదార్థం మూత్రంలో దొరకడం వారి అదృష్టం.

ఆక్సిన్ ప్రధానంగా లేత ఆకుల్లో, చిగురు కొసల్లో తయారవుతుంది. కాండంలో ఒక కణం నుంచి కింది కణానికి చేరుతూ దిగుతుంది. ఈ ప్రయాణం ఒకే దిక్కుకు ఎందుకు సాగుతుంది? ఆక్సిన్‌ను బయటకు పంపే ప్రొటీన్లు ప్రతి కణంలోనూ కింది వైపు పొరలోనే ఎక్కువగా ఉంటాయి. కొమ్మను తిప్పి పెట్టినంత మాత్రాన అవి చోటు మారవు. అంటే ఫోష్టింగ్ చూసిన గుర్తు కొమ్మలోని ప్రతి కణంలోనూ ఉంది.

చెట్టు మీద ఉన్నప్పుడు ఈ ఆక్సిన్ కిందికి, వేళ్ళ దాకా వెళ్ళిపోయేది. మనం కొమ్మను కోయగానే దారి తెగింది. దిగుతున్న ఆక్సిన్ కోసిన మొన దగ్గర పోగవుతుంది. గాయం వల్ల పుట్టే ఇతర సంకేతాలతో కలిసి అదే అక్కడి కణాలను వేరు కట్టే పనికి మళ్ళిస్తుంది.

ఇప్పుడు ఆకుల సంగతి మళ్ళీ చూడండి. ఆకులు నీటిని ఖర్చు చేస్తాయి కదా, అన్నీ తీసేస్తే పోదా? పోదు. ఆకులే చక్కెరను తయారుచేస్తాయి, లేత ఆకులే ఆక్సిన్‌ను పంపుతాయి. మందార వంటి కొమ్మకు పైన రెండు మూడు ఆకులు ఉంచి, అవి పెద్దవైతే సగానికి కత్తిరించమనేది ఈ రెండు అవసరాలకూ కుదిరిన రాజీ. పువ్వులు, మొగ్గలు ఉంటే మాత్రం మొహమాటం లేకుండా తుంచెయ్యండి. అవి ఆహారాన్ని తినేవే గాని పెట్టేవి కావు.

పొడులు, చిట్కాలు

1935లో అమెరికాలోని బాయిస్ థాంప్సన్ సంస్థలో జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్ అనే శాస్త్రజ్ఞులు ఇండోల్ బ్యుటైరిక్ ఆమ్లం, నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం వేళ్ళు పుట్టించడంలో బాగా పనిచేస్తాయని చూపారు. నర్సరీల్లో దొరికే వేళ్ళ పొడుల్లో నేటికీ ఉండేవి ఇవే. చాలా పొడుల్లో అసలు మందు వెయ్యిపాళ్ళలో ఒకటి నుంచి ఎనిమిది పాళ్ళు మాత్రమే. మిగిలినది టాల్కం పొడి. లేత కాడలకు తక్కువ, ముదురు కొమ్మలకు ఎక్కువ. కొమ్మ మొనను పొడిలో ఒకసారి అద్ది, దులిపి నాటాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ వేళ్ళు వస్తాయనుకోకండి. మోతాదు మించితే ఆక్సిన్ మొక్కను చంపుతుంది. కలుపు మందుగా పొలాల్లో చల్లే 2,4-డి కూడా ఆక్సిన్ లాంటి పదార్థమే.

మరి తేనె, పసుపు? అవి మొన దగ్గర బూజును కొంత అడ్డుకోవచ్చు. వేళ్ళను పుట్టించే హార్మోన్లు మాత్రం కావు. మునగ కొమ్మ నాటినప్పుడు పై మొనకు పేడముద్ద పెట్టడం మీరు పల్లెల్లో చూసే ఉంటారు. అది మూఢనమ్మకం కాదు. కోసిన మొన గుండా తేమ పోకుండా, వాననీరు దిగి కుళ్ళకుండా అది మూతలా పనిచేస్తుంది.

ఇంట్లో ప్రయత్నించేవారికి నా సలహా: మొదట కోలియస్‌తో మొదలుపెట్టండి, గులాబీతో కాదు. పదునైన బ్లేడుతో కణుపుకు కొంచెం కింద కోయండి. పది పదిహేను సెంటీమీటర్ల ముక్క చాలు. మొద్దు కత్తెర కొమ్మను నలిపేస్తుంది. నలిగిన చోట కుళ్ళు మొదలవుతుంది. మట్టిలో సగం ఇసుక గాని, కొబ్బరిపీచు పొట్టు గాని కలపండి. వేళ్ళు పుట్టడానికి నీరెంత అవసరమో గాలి అంత అవసరం. బంకమట్టిలో నీరు నిలిస్తే కణాలకు ఆక్సిజన్ అందదు. కొత్త కటింగ్‌కు ఎరువు వెయ్యకండి. తాగడానికి నోరే లేనప్పుడు ఎరువేం చేస్తుంది? కుండీకి పాలిథిన్ సంచి కప్పి, వెలుతురున్న నీడలో ఉంచి, రోజూ ఒకసారి సంచి తీసి గాలి తగలనివ్వండి. అన్నిటికన్నా కష్టమైన నియమం: పీకి చూడకండి. అప్పుడే పుట్టిన వేరు కొస దారం కన్నా బలహీనం. కొమ్మను రెండు వేళ్ళతో మెల్లగా లాగితే కొంచెం బిగువుగా తగలాలి. తగిలితే వేళ్ళున్నట్టే.

నీళ్ళ సీసాలో పెంచేవారికి రెండు హెచ్చరికలు. నీటిలో పెరిగిన వేళ్ళకు నూగువేళ్ళు తక్కువ, పెళుసుగా ఉంటాయి. మూడు నాలుగు సెంటీమీటర్లు కాగానే మట్టిలోకి మార్చండి; పొడుగు జడలా పెరిగేదాకా ఆగితే మట్టికి అలవాటుపడటం కష్టం. రెండోది మీ ఆరోగ్యానికి సంబంధించింది. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమకు మీ మనీప్లాంట్ సీసా చక్కటి ప్రసూతి గది. వారానికి ఒకసారైనా నీరు మార్చాలి. గుడ్లు సీసా గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి లోపలి అంచును బ్రష్‌తో రుద్ది కడగాలి. మూతి దగ్గర దూది కుక్కితే ఇంకా మంచిది. గన్నేరు కొమ్మను మాత్రం నీళ్ళలో పెట్టవద్దు. ఆ మొక్క అంతా విషమే, ఆ నీరూ విషమే.

ఒక్క ఆకు చాలదా?

మనీప్లాంట్ ఆకును కాడతో సహా తుంచి నీళ్ళలో పెడితే వేళ్ళు వస్తాయి. నెలలు గడిచినా పచ్చగానే ఉంటుంది. కానీ రెండో ఆకు రాదు. రబ్బరు మొక్క ఆకు కూడా అంతే. వేరు ఉంది, మొగ్గ లేదు. అందుకే ఈ మొక్కల్లో ముక్కతో పాటు ఒక్క కణుపైనా ఉండాలి. రణపాల ఆకు అలా కాదు. దాని అంచు గంట్లలోనే పిల్ల మొక్కలు పుడతాయి. కొన్ని రకాల బిగోనియా, ఆఫ్రికన్ వయొలెట్ ఆకులు వేళ్ళనూ మొగ్గలనూ రెంటినీ కొత్తగా కట్టుకోగలవు.

ఈ తేడాకు ఒక ఆధారం 1957లో స్కూగ్, మిల్లర్ పొగాకు కణజాలం మీద చేసిన ప్రయోగాల్లో దొరికింది. పోషక ద్రవంలో సైటోకైనిన్ కన్నా ఆక్సిన్ పాలు బాగా ఎక్కువైతే వేళ్ళు, సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చిగుళ్ళు, రెండూ సమంగా ఉంటే ఆకారం లేని కాలస్ వచ్చాయి. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీష్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పుప్పొడి తిత్తుల నుంచి మొక్కల పిండాలు పుట్టించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. ఈ మార్గంలోనే సాగిన కణజాల వర్ధనం ఇవాళ అరటి తోటలకు లక్షల మొక్కలను అందిస్తోంది.

కొమ్మతో పాటు ఏమేం వస్తాయి?

మనీప్లాంట్ దొంగిలించి తెస్తేనే డబ్బు వస్తుందని ఒక నమ్మకం. డబ్బు సంగతి నాకు తెలియదు గాని, దొంగతనమైనా దానమైనా ఈ తీగకు వ్యాపించే దారి అదొక్కటే. ఫ్రెంచ్ పాలినేషియాలోని మూరియా ద్వీపానికి చెందిన ఈ తీగను శాస్త్రజ్ఞులు 1880లో వర్ణించారు. పెంపకంలో ఇది దానంతట అది పూసినట్టు నమోదైన చివరి సంవత్సరం 1964. జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ తయారీకి అవసరమైన ఒక జన్యువు దీనిలో సరిగా పనిచేయడం లేదని 2016లో ఒక పరిశోధక బృందం కనుగొంది. ఆ హార్మోన్ చల్లితే పూసింది కూడా. పువ్వు లేదు, విత్తనం లేదు. మీ కిటికీలో ఉన్న తీగ ఇంకెవరి తీగకో ముక్క, అది మరొకరి తీగకు ముక్క.

ముక్క అంటే నకలు. మంచి గులాబీ మంచి గులాబీగానే రావడం దాని లాభం. నష్టం కూడా అందులోనే ఉంది. తల్లి మొక్కలో వైరస్ ఉంటే అది పిల్లలన్నిటికీ చేరుతుంది. ఆకుల మీద పసుపు మచ్చలు, ముడతలు ఉన్న మొక్క నుంచి, ఎంత అందమైన పువ్వైనా సరే, కొమ్మ తీసుకోకండి. పిలకలతో పెంచే గ్రోస్ మిషెల్ అనే అరటి ఒకప్పుడు ప్రపంచ ఎగుమతి మార్కెట్టును ఏలింది. తోటలన్నిటా ఉన్నది ఒకే మొక్క నకళ్ళు కావడంతో పనామా తెగులు ముందు ఒక్కటీ నిలవలేదు. 1960 ప్రాంతానికి ఎగుమతి తోటల్లో దాని స్థానాన్ని కేవెండిష్ ఆక్రమించింది. అదీ నకళ్ళ పంటే.

అయితే నకలు ప్రతిసారీ అచ్చుగుద్దినట్టు ఉండదు. పసుపు అంచున్న స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలు చేసి నాటండి. వచ్చే పిలకలు పసుపు అంచు లేకుండా ఉత్త ఆకుపచ్చగా ఉంటాయి. ఆ ఆకులో రెండు రకాల జన్యు స్వభావమున్న కణాలు పక్కపక్కనే కాపురముంటున్నాయి. కొత్త పిలకను కట్టేది ఆకుపచ్చ కణాలే. అంచు కావాలంటే దుంపను పిలకతో సహా విడదీసి నాటుకోవాలి. క్రిస్మస్ చెట్టుగా మనం పెంచే అరౌకేరియాది ఇంకో విచిత్రం. దాని పక్క కొమ్మను నాటితే బతుకుతుంది గాని నిటారుగా ఎదగదు; జీవితాంతం పక్కకే సాగుతుంది. నిటారు చెట్టు కావాలంటే పై కొసనే కోయాలి, అంటే తల్లి చెట్టు తలను తీసెయ్యాలి.

ఈ వానాకాలం ఫోష్టింగ్ ప్రయోగాన్ని మీరే చేసి చూడండి. పెన్సిలంత లావున్న మల్బరీ కొమ్మలు దొరికితే శ్రేష్ఠం. హిందూపురం వైపు పట్టు రైతులు తోటలు పెంచేది కొమ్మ ముక్కలతోనే. లేకపోతే మందార. ఆకులు తీసేసిన ఆరు ముక్కలు తీసుకోండి. ఒక్కొక్కదాన్ని తడి గుడ్డలో చుట్టి పాలిథిన్ సంచిలో పెట్టి, మూడింటిని నిటారుగా, మూడింటిని తలకిందులుగా నీడలో వేలాడదీయండి. వారానికొకసారి విప్పి చూసి, ఏ కొసన ఏం వచ్చిందో నోటుబుక్కులో రాసుకోండి. చెట్టు మీద నుంచి కోయకముందే ప్రతి ముక్క పై కొసకు ఎర్ర దారం కట్టడం మరిచిపోవద్దు. ఆకులు తీసేశాక ఏది తలో ఏది కాలో కొమ్మకు గుర్తుంటుంది గాని మనకు గుర్తుండదు.